సర్వర్ బాగైంది బుజ్జీ

సత్యనారాయణపురం,
విజయవాడ.

చి. బుజ్జికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా కులాసా. అమ్మ మోకాలు కాస్త నయం. మన ఇంటి ఫొటోలు, పాటలు దాచడానికి నువ్వు పెట్టిన చిన్న కంప్యూటర్, ఆ సర్వర్ సంగతి ముందు చెప్తాను. రోజూ సాయంత్రం అది మాయమవుతోందని సంక్రాంతికి వచ్చినప్పుడు తల పట్టుకున్నావు కదా, కారణం దొరికింది. ఫోన్లోనే చెబుదామనుకున్నాను. ఎప్పుడు చేసినా "మీటింగ్‌లో ఉన్నా నాన్నా, మళ్లీ చేస్తా" అంటున్నావు. మీటింగులు ఉంటాయిలే. ఆదివారం కూడా ఉంటున్నాయా అని అమ్మ అడుగుతోంది.

నువ్వు వెళ్లాక కూడా అదే తంతు. ఏడున్నరయ్యేసరికి ఇమ్మిచ్ యాప్‌లో ఫొటోలు రావు, జెల్లీఫిన్ యాప్‌లో అమ్మ పాటలు ఆగిపోతాయి. పదిన్నర దాటాక అన్నీ వాటంతట అవే వచ్చేస్తాయి. మొదట కరెంటు మీద అనుమానపడ్డాను. మన సర్వరైన రాస్‌ప్‌బెర్రీ పై 4కి 5 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ ఉండాలి కదా, సాయంత్రం మోటారు వేసినప్పుడు వోల్టేజీ పడిపోతోందేమో అనుకున్నాను. 4.63 వోల్టుల కంటే తగ్గితే అండర్ వోల్టేజ్ అని తన డైరీలాంటి లాగ్‌లో అదే రాసుకుంటుంది. వెతికితే ఒక్క లైనూ లేదు. తర్వాత వైరు మార్చాను, రౌటర్లో పోర్టు మార్చాను. తేడా లేదు.

అప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో మాకు మొదట నేర్పిన పద్ధతికి వచ్చాను. కంప్లయింట్ రాగానే లైన్లన్నీ వచ్చి కలిసే ఎండీఎఫ్ దగ్గర లైను విడదీసి, ఫాల్ట్ లోపలుందా బయటుందా తేల్చుకున్నాకే మనిషిని స్తంభం ఎక్కించేవాళ్లం. ఏడున్నరకి లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని సర్వర్ నంబరు 192.168.1.10కి పింగ్ పెట్టాను, అంటే ఉన్నావా అని పిలిచాను. జవాబు వస్తోంది. సర్వర్‌కున్న లాన్ వైరు పీకేశాను. వైరు కొస నా చేతిలో ఉంది, తెర మీద జవాబులు వస్తూనే ఉన్నాయి! అంటే పలికేది మన సర్వర్ కాదు. ఏ నంబరు ఏ పరికరానిదో చూపే ఏఆర్‌పీ పట్టిక తీసి చూశాను. మన రాస్‌ప్‌బెర్రీ పై మ్యాక్ అడ్రస్, అంటే పరికరానికి పుట్టుకతో వచ్చే గుర్తింపు సంఖ్య, డీసీ, ఏ6, 32తో మొదలవుతుంది. అక్కడున్నది వేరే. ఇంట్లో ఉన్న ఫోన్లు, ప్రింటరు అన్నీ చూశాను, ఏదీ కలవలేదు. అమ్మ పైకి చూసి, "మేడమీద వాళ్లకీ మన వైఫైయే కదండీ" అంది.

వాళ్లబ్బాయి ఇంటర్ పరీక్షలప్పుడు ఇచ్చాం, గుర్తుందా? పండగ ముందు వాళ్లు కొత్త టీవీ కొన్నారు. ఏడున్నరకి సీరియళ్లకి పెడతారు, పదిన్నరకి కట్టేస్తారు. వెళ్లి సెట్టింగ్స్‌లో చూస్తే సరిగ్గా అదే మ్యాక్, నంబరు చివర అదే 10. నువ్వు సర్వర్‌లో 10 అని చేత్తో రాసిపెట్టావు. ఆ సంగతి రౌటర్‌కి తెలియదు, నంబర్లు తనే పంచే డీహెచ్‌సీపీ పద్ధతిలో అదే నంబరు టీవీకి ఇచ్చేసింది. ఒకే డోర్ నంబరు రెండిళ్లకుంటే పోస్ట్‌మాన్ ఏం చేస్తాడు! ఇప్పుడు రౌటర్ పంచే నంబర్లు 100 నుంచి మొదలయ్యేలా మార్చి, 10ని రాస్‌ప్‌బెర్రీ పై మ్యాక్ పేరున రిజర్వ్ చేశాను. ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా పోలేదు. చేత్తో రాసిన ప్రతి నంబరూ ఒక నోట్‌బుక్‌లో ఉండాలమ్మా, నీ ఒక్కదాని తలలో ఉంటే చాలదు. నీకు ఏం జరుగుతోందో మాకు తెలియకపోతే మేం ఏం సాయం చెయ్యగలం?

మొన్న మంగళగిరిలో పెళ్లికి వెళ్లాం. పనసకాయ బిరియానీ బాగా చేశారు. తెనాలి పిన్ని కనిపించింది. మీ కంపెనీలో చాలామందిని తీసేస్తున్నారని వాళ్ల అల్లుడు అన్నాడట. పెళ్లిళ్లలో వంద మాటలు వింటాం, నేను పెద్దగా పట్టించుకోలేదు. అమ్మ మాత్రం ఆ రాత్రి సరిగా పడుకోలేదు.

బ్యాకప్ గురించి కూడా చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు పెద్దమ్మ వాళ్ల ఆల్బమ్‌లు ఏమయ్యాయో నువ్వూ చూశావు. ఫొటోలు ఒకదాన్నుంచి ఒకటి విడదీస్తుంటే రంగు మన వేళ్లకి అంటుకొచ్చింది. పెదనాన్న పెళ్లి ఫొటోలో ఆయన సూటు మిగిలింది, మొహం లేదు. మిగిలినవైనా కాపాడాలని ఆ రాత్రే కదా ఈ సర్వర్ పెడతానన్నావు! మూడు కాపీలు, రెండు రకాల పరికరాలు, ఒకటి వేరే ఊళ్లో అని నువ్వే నాకు నేర్పావు. ఆ వేరే ఊరి కాపీ ఇంకా లేదు. రెండు డిస్కులూ ఇక్కడే, ఈ ఇంట్లోనే ఉన్నాయి. ఫొటోల ఫోల్డర్ ఒక్కటే కాపీ చేస్తే సరిపోదు. ఎవరు ఎవరో గుర్తుపెట్టిన పేర్లు, ఆల్బమ్‌లు అన్నీ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఉంటాయి, అది కూడా తీయాలి. తీసినదాన్ని ఒకసారి వేరే మిషన్‌లో ఎక్కించి చూస్తేనే అది బ్యాకప్ అయినట్టు. ఖర్చులకీ ఇలాగే, ఆరు నెలలకి సరిపడా డబ్బు విడిగా ఉండాలని నీకు మొదటి జీతం వచ్చినప్పుడే చెప్పాను. ఉంచావో లేదో తెలియదు. లేకపోతే చెప్పు, ఇక్కడుంది.

బయటినుంచి మన సర్వర్‌కి ఎవరు ఎప్పుడు కలిశారో చూపే వైర్‌గార్డ్ పేజీ రోజూ చూస్తున్నాను. బజారుకెళ్లి మొబైల్ డేటా మీద నా ఫోను కలిపితే నా పేరు పక్కన నిమిషం క్రితం అని పడుతోంది. అంటే బయటివాళ్లు లోపలికొచ్చే తలుపు, 51820 పోర్టు, తెరిచే ఉంది. ఇదివరకు నెట్‌వాళ్లు అందరినీ ఒకే పబ్లిక్ ఐపీ (బయటికి కనిపించే నంబరు) వెనక పెట్టి మనకు 100.64తో మొదలయ్యే నంబరిస్తే బయటినుంచి ఏదీ వచ్చేది కాదు. ఇప్పుడు మారకుండా మనకే ఉండే నంబరు, స్టాటిక్ ఐపీకి డబ్బు కడుతున్నాం కాబట్టి ఆ ఇబ్బంది లేదు. ఇటువైపు ఫాల్ట్ లేదు బుజ్జీ. ఆ పేజీలో నీ లాప్‌టాప్ పేరు పక్కన మాత్రం పండగ వెళ్లాక మార్పు లేదు. పూర్వం రాత్రి పదకొండుకి వచ్చి అమ్మ ఎక్కించిన ఫొటోలు చూసేదానివి. ఆ లాప్‌టాప్ ఆఫీసుదా, నీదా? ఆఫీసుదైతే, దాన్ని తిరిగి ఇచ్చేశావా?

అడిగేశాను కాబట్టి పూర్తిగా అడుగుతాను. ఉద్యోగం పోయిందా? పోతే పోయింది. నువ్వు ఇంటర్‌లో మార్కుల కాగితం దాచిన రోజూ ఇలాగే మాటలు తగ్గించావు, అన్నం తగ్గించావు. ఇప్పుడు సరిగా తింటున్నావో లేదో చూసేవాళ్లు కూడా అక్కడ లేరు. అద్దె ఇబ్బందైతే గది ఖాళీ చేసి వచ్చెయ్యి, నీ మంచం మీద బామ్మ ఒత్తులు చేసుకుంటోంది, జరుపుతుంది.

మూడో డిస్కు కొన్నాను. కొరియర్‌లో పంపితే ఎక్కడ పడేస్తారో తెలియదు, నేనే పట్టుకొస్తాను. వచ్చే శనివారం శాతవాహన ఎక్స్‌ప్రెస్‌కి టికెట్టు తీశాను. పండుమిర్చి పచ్చడి, కందిపొడి అమ్మ కట్టింది. నెయ్యి అక్కడ కొనకు. ఆ రోజు ఇంట్లో ఉంటావా, బయటికెళ్తావా అన్నది శుక్రవారం లోపు ఒక్క మెసేజ్ పెట్టు. లేకపోయినా ఫరవాలేదు, తాళం చెవి కింద వాచ్‌మన్‌కి ఇచ్చి వెళ్లు.

నాన్న