నెలలు నిండని బిడ్డల తల్లుల పక్షాన ఆరోగ్య శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారములు.

37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డకు వార్మర్, ఆక్సిజన్ సమకూర్చే మన హైదరాబాద్ ఆసుపత్రులలో, ఆ బిడ్డను కన్న తల్లి మాత్రం చాలాచోట్ల పచ్చి బాలింతగానే వార్డు తలుపు బయట, లోపల ఏం జరుగుతోందో తెలియక కూర్చుని ఉంటోంది. ఆమెను చూడవచ్చిన మనిషిగా కాక చికిత్సలో భాగంగా చూడాలని నా విన్నపం. ఇలాంటి బిడ్డను పుట్టిన వెంటనే తల్లి గుండెలకు ఆనించి, రోజుకు 8 నుంచి 24 గంటల వరకు కంగారూ పద్ధతిలో ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది. బిడ్డ పక్కనే తల్లికి మంచం, వేళకు భోజనం లేకుండా అది సాధ్యపడదు.

పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టడం, ఊపిరిలోనో ఒంటి రంగులోనో తేడా వస్తే గుర్తించడం వంటివి ఒకసారి చెబితే వచ్చేవి కావు. తెలుగులోనూ ఉర్దూలోనూ నేర్పి, ఆమె చేత చేయించి చూసే నర్సు ప్రతి వార్డులో ఉండాలి. భర్తను, అత్తగారిని కూడా కూర్చోబెట్టి చెప్పాలి, ఎందుకంటే నెలలు నిండకుండా కన్నదన్న నింద ఇంట్లోనే మొదలవుతుంది.

మరొకటి, అత్యవసరమైనది: 2 కిలోలలోపు బరువుతో గాని, 34 వారాలలోపు గాని పుట్టిన బిడ్డకు 30 రోజులలోగా రెటీనా (కంటి లోపలి వెనుక పొర) పరీక్ష జరగాలి. ఆలస్యమైతే చూపే పోవచ్చు. డిశ్చార్జి కాగితంపై ఆ తేదీ, వెళ్లవలసిన చోటు తల్లి చదవగలిగే భాషలో రాసివ్వాలని అన్ని ఆసుపత్రులకు ఉత్తర్వులు ఇవ్వగలరని ప్రార్థన.

భవదీయురాలు,
హైదరాబాద్ నివాసి