ఆటోనగర్ షెడ్డు నడుస్తుంది, పోర్టింగ్ మాత్రం ఇక లేదు

అరిగిన ఇంజన్ సిలిండర్లను లోపల తొలిచి సరిచేసే మన రీబోరింగ్ షెడ్డు మూసేస్తున్నామని, మిషన్లు బేరానికి పెట్టామని ఆటోనగర్‌లో అనుకుంటున్నారట. అది నిజం కాదు. సంక్రాంతి వెళ్లిన వారానికి మా ఆయన గుండెపోటుతో పోయారు. పెద్దకర్మ అయ్యాక షెడ్డు తెరిచాం. కౌంటరు, లెక్కలు, స్పేర్లు మొదటి నుంచీ చూస్తున్నది నేనే. బోరింగ్ మిషన్ మీద ఉన్నది ఆయన చేతి కింద పని నేర్చుకున్న కుర్రాడే. కర్మ కూడా కాకముందే ఇంటికొచ్చి, "ఇనుప పని ఆడవాళ్ల వల్ల ఏమవుతుందమ్మా, మంచి రేటు ఇప్పిస్తాం" అన్నవాళ్లు ఉన్నారు. షెడ్డు అమ్మేది లేదని వాళ్లకు చెప్పాను, మీకూ అదే చెబుతున్నాను.

మీకు ఆయన మేస్త్రిగా తెలుసు. మాకు రేసుల మనిషి. పెళ్లికి ముందు మద్రాసు దగ్గర షోలవరంలో పాత ఎయిర్‌స్ట్రిప్ మీద జరిగే రేసులకు వెళ్లేవారు. 1990లో మద్రాసు దగ్గరే ఇరుంగట్టుకోట్టైలో రేసు ట్రాక్ వచ్చాక అక్కడికి వెళ్లడం మొదలుపెట్టారు. పినాకిని రైలెక్కి పోవడం, రేసు అయ్యాక దొరికిన బండెక్కి తిరిగి రావడం. పిల్లల పరీక్షలుంటే మాత్రం ఎంత పెద్ద రేసైనా కదిలేవారు కాదు. 2005లో నరైన్ కార్తికేయన్ ఫార్ములా వన్‌లో అడుగుపెట్టినప్పుడు మా లైన్లో ఉన్న షెడ్లన్నిటికీ స్వీట్లు పంచారు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగితే అందరినీ తీసుకెళ్లారు. కరెంటు కార్లు, పొగా లేదు, ఇంజన్ మోతా లేదు. "నీకేం నచ్చుతుంది నాన్నా ఇది" అని మా అమ్మాయి అడిగితే, "టైర్లు వినపడుతున్నాయి, విను" అన్నారు. ఆ పూటంతా ఆ మనిషి ముఖం వెలిగిపోయింది.

ఇప్పుడు పని ఎందుకు ఆలస్యమవుతోందో చెప్పాలి. మన దగ్గరికొచ్చే బళ్లలో ఎక్కువ యమహా ఆర్ఎక్స్ 100 బైకులు. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన బండి, మంచి స్పేర్లు దొరకడమే కష్టం. పిస్టన్ కిట్లు ఏళ్ల తరబడి ఒకే డీలర్ దగ్గర తీసుకుంటున్నాం. ఆయన పేరు రాయను. మా ఆయన పోయాక వచ్చిన మొదటి పార్శిల్ నేనే విప్పాను. డబ్బా మీద పాయింట్ ఫిఫ్టీ ఓవర్‌సైజ్ అనే ఉంది. అసలు బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 50 మిల్లీమీటర్లు, దానికి అర మిల్లీ ఎక్కువ. కొత్తగా బోరు చేసిన సిలిండర్లో పిస్టన్ చుట్టూ ఉండే రింగు పెట్టి, పిస్టన్‌తో సమంగా కిందికి నెట్టి, రింగు కొసల మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకు) దూర్చి చూశాను. ఉండాల్సిన సందు కంటే బాగా ఎక్కువ. అంతకంటే ఘోరం, రింగు తిరగకుండా గాడిలో ఉండే చిన్న పిన్ను గోటితో తాకితేనే కదిలింది. ఇలాంటి టూ స్ట్రోక్ ఇంజన్లో ఆ పిన్ను ఊడితే రింగు తిరిగి, దాని కొస పోర్టులో, అంటే సిలిండర్ గోడకుండే కన్నంలో, ఇరుక్కుంటుంది. రోడ్డు మీద ఇంజన్ పట్టేస్తే మనిషి కింద పడతాడు.

ఫోన్ చేస్తే ఆ డీలర్ అన్న మాట నేను మర్చిపోలేను: "ఇవన్నీ మీకెందుకమ్మా, మేస్త్రి ఎవరైనా ఉంటే ఇవ్వండి." అన్నేళ్లుగా ఆయన పంపిన ప్రతి డబ్బా విప్పి కొలిచింది నేనే. మా ఆయన ఉండగా ఇలాంటి సరుకు ఒక్కటీ రాలేదు. లాట్ మొత్తం తిప్పి పంపించేశాను. అందులో ఒక్క కిట్ కూడా ఎవరి బండికీ వెయ్యలేదు. డబ్బు ఇంకా రావాలి. వచ్చినా రాకపోయినా ఆ కొట్టు గడప మళ్లీ తొక్కను. తక్కువకిస్తామన్నా సరే. ఇప్పుడు వేరే చోట అడ్వాన్సు కట్టి తెప్పిస్తున్నాం, అందుకే వారం పది రోజులు పడుతోంది, రేటు కూడా కాస్త పెరిగింది.

ఇక పోర్టింగ్ సంగతి, అంటే స్పీడు కోసం ఆ పోర్టులను అరగదీసి మార్చే పని. దీని గురించి నాకు చాలా రాత్రులు నిద్ర లేదు. రేసుల్లో తిరిగే కుర్రాళ్లు రోజూ అడుగుతున్నారు, డబ్బు కూడా ఆ పనిలోనే ఎక్కువ. మా కుర్రాడికి చెయ్యాలని ఉంది, చెయ్యగలడు కూడా. కానీ పొగ బయటికెళ్లే ఎగ్జాస్ట్ పోర్టు పైఅంచు కొంచెం లేపితే బండి పైస్పీడులో లాగుతుంది, కింద పికప్ పోతుంది. ఎక్కువ అరిగిందో, ఆ సిలిండర్‌కు లోపలి గొట్టం, అదే స్లీవ్, మళ్లీ వెయ్యాల్సిందే. మా ఆయన ఒక చేత్తో సిలిండర్ తిప్పుకుంటూ ఆకురాయితో నాలుగు రాపులు రాసి, తుడిచి, మళ్లీ కొలిచేవారు. నేను టార్చి పట్టుకునేదాన్ని. అయినా అసలు పని అది కాదు. ముందు ఆ కుర్రాడిని కూర్చోబెట్టి ఏ ట్రాక్ మీద నడుపుతావు, హెల్మెట్ ఏదీ, ఇంట్లో తెలుసా అని అడిగేవారు. బందరు రోడ్డు మీద పోటీలు పెట్టుకునేవాళ్లని తేలితే ఎంతిచ్చినా చేసేవారు కాదు, వాళ్ల నాన్నకు ఫోన్ చేసిన సందర్భాలూ ఉన్నాయి. ఎవరికి చెయ్యాలో ఎవరికి వద్దో చూసి చెప్పే ఆ కన్ను మా ఇద్దరిలో ఎవరికీ లేదు. రేపు ఒక తల్లి వచ్చి నన్ను అడిగే పరిస్థితి నాకొద్దు. అందుకే పోర్టింగ్ ఆపేశాం. దయచేసి బతిమాలవద్దు, మా కుర్రాడిని విడిగా అడగవద్దు.

రీబోరు, హోనింగ్ (తొలిచిన గోడను సానబట్టడం), క్రాంక్ పని ఎప్పటిలాగే చేస్తాం. ఆయన రాసుకున్న పుస్తకాలు నా దగ్గరే ఉన్నాయి, మీ సిలిండర్ కిందటిసారి ఏ సైజుకు వెళ్లిందో చూసి చెబుతాను. ఆయన ఉన్నప్పుడు పని ఇచ్చి తీసుకెళ్లని వాళ్లు రసీదు పోయినా రండి, ప్రతి సిలిండర్‌కీ నంబరు వేసి ఉంది. ఆయనకు అడ్వాన్సు ఇచ్చి పోర్టింగ్ ఒప్పుకున్నవాళ్ల డబ్బు విడిగా కట్టి పెట్టాను, వచ్చి తీసుకోండి. ఆయన రేస్ బండి అమ్మకానికి లేదు, అది మా అబ్బాయిది. ఫోన్ నంబరు అదే. సాయంత్రం ఆరు దాటాక చేయండి, మిషన్ నడుస్తుంటే వినపడదు.