తెలుగు నోటీసును ఫొటోగా కాదు, అక్షరాలుగా పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

వరంగల్ చుట్టుపక్కల జిల్లాల్లో సంస్థల వెబ్‌సైట్లు తీసి చూస్తే తెలుగు సమాచారం చాలామటుకు ఫొటోగానో, స్కాన్ చేసిన పీడీఎఫ్‌గానో ఉంటోంది. మిర్చి ధరలు, పరీక్ష తేదీలు, వార్డు నోటీసులు అన్నీ ఇదే తీరు. పేజీలో ఊరి పేరు కొట్టి వెతికితే దొరకదు. చూపు లేనివారికి చదివి వినిపించే స్క్రీన్‌రీడర్‌కు అది ఒట్టి బొమ్మ.

ఇది బద్ధకంతో జరుగుతున్నది కాదు. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, ‘అను’ వంటి ఫాంట్లతో మ్యాటర్ కొడుతున్నారు. ఆ ఫాంట్లలో మనకు ‘క’గా కనిపించేది కంప్యూటర్ లెక్కలో ఏదో ఇంగ్లిష్ అక్షరమో, గుర్తో. ఫాంటు లేని ఫోన్‌లోకి వెళ్లగానే అసలు రూపం బయటపడుతుంది. అందుకే బొమ్మ చేసి పెట్టేస్తున్నారు. అచ్చుకు అది సరిపోయింది, వెబ్‌కు పనికిరాదు. ప్రపంచ భాషల అక్షరాలకు విడివిడిగా సంఖ్యలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగుకు సొంత స్థానం ఉంది. మన బమ్మెర కవి పేరున్న ‘పోతన 2000’ కూడా యూనికోడ్ ఫాంటే. పాత మ్యాటర్‌ను మార్చే కన్వర్టర్లున్నాయి. మార్చాక వత్తులు, అంకెలు కంటితో సరిచూసుకోవాల్సిందే.

యూనికోడ్‌లో కొట్టినా కొన్నిచోట్ల పేజీ చెడుతుంది. నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ ‘ఎ’, పక్కన డిగ్రీ సున్నా, ఈ జంటే వరసగా వస్తోందంటే పేజీ యూటీఎఫ్-8లో (యూనికోడ్‌ను బైట్లుగా రాసే పద్ధతిలో) ఉందని బ్రౌజర్‌కు తెలియలేదన్నమాట. ఆ సంగతి చెప్పే ట్యాగు ఫైలు మొదటి 1024 బైట్లలోపే ఉండాలి. అన్నీ ప్రశ్నార్థకాలే కనిపిస్తే మాత్రం అక్షరాలు సాధారణంగా డేటాబేస్‌లోకి ఎక్కేటప్పుడే పోయి ఉంటాయి. మళ్లీ ఎక్కించుకోవడం తప్ప దారి లేదు.

ఎక్కువ ఇబ్బంది పేర్లు నింపే ఫారాల దగ్గర. ‘లక్ష్మీనరసింహస్వామి’ మనకు ఎనిమిది అక్షరాలు: ల, క్ష్మీ, న, ర, సిం, హ, స్వా, మి. యూనికోడ్ లెక్కలో హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు వేర్వేరు కాబట్టి అది 19, నిల్వకు పట్టే బైట్లలో 57. గడిలో 20కి మించకూడదని పెడితే ఇంటిపేరుకు చోటే ఉండదు. బైట్ల లెక్కన కత్తిరిస్తే పేరు నడుమ తెగి, పొల్లో, విరిగిన గుర్తో మిగిలిపోవచ్చు. ఆ పేరే పట్టా కాగితం మీదకెక్కితే సవరణ కోసం ఎవరు తిరగాలి? ‘క్ష్మీ’ని ఒకే అక్షరంగా లెక్కించే నియమం 2023లో యూనికోడ్ 15.1తో వచ్చింది. అక్షరాలను విడగొట్టే ఇంటల్ సెగ్మెంటర్ అనే సదుపాయం 2024లో ఫైర్‌ఫాక్స్‌లోకీ రావడంతో ఇప్పుడు ప్రధాన బ్రౌజర్లన్నింటిలో ఉంది. కాబట్టి సాంకేతికత లేదన్న సాకు ఇక చెల్లదు.

కంటికి కనిపించని గుర్తు ఇంకొకటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. పక్క అక్షరాలు కలిసిపోకుండా ఆపేది. ‘ధర్మసాగర్‌లో’ అని రావాలంటే ‘ర్’ తర్వాత అది ఉండాలి. ఫారాల్లో చెత్త ఏరేసే ప్రోగ్రాములు దాన్నీ ఏరేస్తే, ర కింద ల వత్తు దిగి ‘ధర్మసాగర్లో’ అయిపోతుంది. ఆ గుర్తును నిల్వలో అలాగే ఉంచాలి, వెతికేటప్పుడు మాత్రం లెక్కలోకి తీసుకోకూడదు. (2018లో ఐఫోన్లను కూలదోసిన ‘జ్ఞా’ వరసలోనూ ఇదే గుర్తు దాగి ఉంది. తప్పు తెలుగుది కాదు. యాపిల్ సంస్థే ఐఓఎస్ 11.2.6తో సరిదిద్దుకుంది.)

‘వర్ధన్నపేట’ వత్తులు కింద తెగిపోతుంటే ముందు ఫాంటును తిట్టకండి. ఇంగ్లిష్ కోసం పెట్టిన 1.2 లైన్ హైట్ (అక్షరం సైజుకు వరస ఎత్తు ఎన్ని రెట్లో) మనకు ఇరుకు. 1.6 దాకా పెంచి, బటన్లకు కచ్చితమైన ఎత్తు కట్టేయకుండా వదిలితే చాలు.

ఇక పేజీ ఏ భాషలో ఉందో చెప్పే భాష ట్యాగు. ఇంగ్లిష్ టెంప్లేటును కాపీ కొట్టి, ‘ఈఎన్’ అన్నచోట ‘టీఈ’ పెట్టడం మరిచిపోతున్నారు. దాంతో స్క్రీన్‌రీడర్ తెలుగును ఇంగ్లిష్ గొంతుతో చదవబోతుంది, లేదా దాటేస్తుంది. పేజీ భాష చెప్పడం వెబ్ అందరికీ అందుబాటులో ఉండాలనే డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో అట్టడుగు మెట్టు, 3.1.1. తెలుగు పేజీలో ఇంగ్లిష్ పేరా వస్తే ఆ భాగానికి వేరే ట్యాగు పెట్టాలంటుంది 3.1.2.

వెబ్‌సైటు పని అప్పగించే అధికారులకు, ప్రిన్సిపాళ్లకు మా విన్నపం: ఈ షరతులు టెండరులోనే రాయండి. బిల్లు పాస్ చేసేముందు పేజీలోంచి ఒక ఊరి పేరు కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి, అదే పేరు రావాలి. ‘లక్ష్మీనరసింహస్వామి’కి ముందు ఇంటిపేరు చేర్చి ఫారంలో నింపి, సేవ్ చేసి, మళ్లీ తెరవండి. చవకరకం ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఒకసారి చూడండి. ఈ మూడింటిలో ఏది తప్పినా బిల్లు ఆపండి.

— తెలుగు వెబ్‌సైట్ల తయారీలో పనిచేస్తున్న కొందరం, హనుమకొండ