సెప్టెంబరు 3కు ముందే

చెన్నై, పెరంబూరు

చిరంజీవి సుజాతకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ నాన్నగారూ నేనూ క్షేమం. నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. 1939 సెప్టెంబరు 1న జర్మనీ పోలెండ్‌పై దాడి చేసిందనీ, 3వ తేదీన బ్రిటన్ యుద్ధం ప్రకటించిందనీ, అదే రోజున భారతదేశం కూడా యుద్ధంలో చేరిందనీ మొదటి పేరాలోనే ముగించి, మిగిలిన పేజీలన్నీ యుద్ధరంగాల వర్ణనకు కేటాయించావు. తేదీలు సరిగ్గానే ఉన్నాయి. అయితే దేశాలు మహాయుద్ధంలోకి ఎలా వెళ్తాయన్నది నీ వ్యాసానికి ఇచ్చిన ప్రశ్న. దానికి జవాబు ఆ మూడు తేదీలలో దొరకదు.

ప్రకటన వెలువడిన రోజుకు చాలా ముందే ఓడరేవులు ఎవరి అధీనంలో ఉన్నాయి, సైన్యం ఎవరి ఆజ్ఞకు కదులుతుంది, ఖజానాలోని డబ్బు ఎవరికి అప్పుగా వెళ్లింది, ఏ ఒప్పందంపై ఎవరు సంతకం చేశారు అనే విషయాలు తేలిపోయి ఉంటాయి. ఆ రోజు వచ్చేసరికి ఒక దేశానికి కాదనగల స్వేచ్ఛ ఎంత మిగిలిందో, అసలు మిగిలిందో లేదో వాటిని బట్టే నిర్ణయమవుతుంది. ఇన్నేళ్లు చరిత్ర పాఠాలు చెప్పిన తర్వాత నాకు కలిగిన గట్టి అభిప్రాయం ఇది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ముందు బ్రిటిష్ సామ్రాజ్యాన్నే తీసుకో. 1914 ఆగస్టు 4న బ్రిటన్ యుద్ధంలో దిగగానే, రాజు ఒక్కడే గనుక ఆయన రాజ్యాలన్నీ యుద్ధంలో ఉన్నట్టేనని చట్టం లెక్కగట్టింది. కెనడాను గానీ ఆస్ట్రేలియాను గానీ ఎవరూ విడిగా అడగలేదు. 1931లో వచ్చిన వెస్ట్‌మినిస్టర్ శాసనం, స్వపరిపాలన ఉన్న అలాంటి దేశాలకు తమ చట్టాలు తామే చేసుకునే హక్కు ఇచ్చి, ఆ పరిస్థితిని మార్చింది. దాని ఫలితాన్ని 1939 సెప్టెంబరు మొదటి పది రోజులలో చూడవచ్చు. బ్రిటన్ యుద్ధం ప్రకటించింది గనుక ఆస్ట్రేలియా కూడా యుద్ధంలో ఉన్నట్టేనని ప్రధాని మెన్జీస్ అదే రోజున పాత పద్ధతిలోనే చెప్పేశాడు. కెనడా మాత్రం పార్లమెంటును సమావేశపరచి, చర్చించి, సెప్టెంబరు 10న తన పేరుతో తాను యుద్ధం ప్రకటించింది. దక్షిణాఫ్రికాలో తటస్థంగా ఉండాలన్న ప్రధాని హెర్ట్‌జోగ్ తీర్మానం 67కు 80 ఓట్లతో ఓడిపోయింది, ఆయన పదవి పోయింది, స్మట్స్ ప్రధాని అయ్యాక ఆ దేశం యుద్ధంలోకి వెళ్లింది. ఏడుగురు సభ్యులు అటువారు ఇటైతే ఆ దేశం దారి వేరుగా ఉండేది.

ఐర్లండ్ తటస్థంగానే ఉండిపోయింది. ఇది ఆ దేశ ప్రధాని డి వలేరా పట్టుదల వల్ల మాత్రమే సాధ్యమైందని అనుకోకు. ఐర్లండ్ తీరంలో మూడు రేవులు 1938 వరకు బ్రిటిష్ నౌకాదళం చేతిలో ఉండేవి. చర్చిల్ తీవ్రంగా వ్యతిరేకించినా బ్రిటన్ ప్రధాని చాంబర్లేన్ ప్రభుత్వం ఆ ఏడాది వాటిని తిరిగి ఇచ్చేసింది. ఆ రేవులలో బ్రిటిష్ యుద్ధనౌకలు లంగరు వేసి ఉంటే జర్మన్ జలాంతర్గాములు అక్కడికి వచ్చేవి, తటస్థత అన్నది కాగితం మీదే మిగిలేది. 1939లో ఐర్లండ్ కాదనగలిగిందంటే, దానికి వీలు ముందటి ఏడాదే కలిగిందన్నమాట.

ఇక మన సంగతి. 1937 ఎన్నికల తర్వాత ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వాలు రాష్ట్రాలలో ఏర్పడ్డాయి. మద్రాసులో రాజాజీ ప్రధానమంత్రిగా (ఇప్పటి ముఖ్యమంత్రిని అప్పుడు అలా అనేవారు) ఉన్నారు. కానీ బ్రిటిష్ పార్లమెంటు చేసిన 1935 భారత ప్రభుత్వ చట్టం రక్షణనూ విదేశీ వ్యవహారాలనూ వైస్రాయ్ చేతిలోనే ఉంచింది. యుద్ధం ఇంకా మొదలుకాకముందే భారత సైనిక దళాలను ఈజిప్టుకూ సింగపూర్‌కూ పంపారు. కేంద్ర శాసనసభను అడగకుండా పంపినందుకు నిరసనగా కాంగ్రెస్ తన సభ్యులను తదుపరి సమావేశాలకు హాజరు కావద్దని ఆగస్టులోనే ఆదేశించింది. ఈ సంగతి నీ వ్యాసంలో లేదు, తప్పనిసరిగా ఉండాలి. సెప్టెంబరు 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో చేసిన ప్రకటన కొత్త నిర్ణయమేమీ కాదు, అంతకు ముందే కదిలిన ఓడలకు తర్వాత వచ్చిన కాగితం అది. ఏ శాసనసభనూ, ఏ నాయకుణ్ణీ సంప్రదించకుండా వైస్రాయ్ ఆ ప్రకటన చేశాడు. సెప్టెంబరు 14న కాంగ్రెస్ కార్యవర్గం, ఈ యుద్ధం దేనికోసమో, ప్రజాస్వామ్యం కోసమే అయితే అది భారతదేశానికి వర్తిస్తుందో లేదో చెప్పమని స్పష్టంగా అడిగింది. యుద్ధం ముగిశాక సంప్రదింపులు జరుపుతామని అక్టోబరు 17న వైస్రాయ్ జవాబిచ్చాడు. ఆ నెలాఖరుకు రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. మిగిలిన కాంగ్రెస్ మంత్రివర్గాలూ అదే దారి పట్టాయి. అయినా యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యంలో దాదాపు 25 లక్షల మంది ఉన్నారు.

స్వతంత్ర దేశమైతే నిర్ణయం ప్రజల చేతిలో ఉంటుందని నువ్వు అనవచ్చు. అమెరికాను చూడు. 1914లో అధ్యక్షుడు విల్సన్ తటస్థతను ప్రకటించాడు. 1916లో దేశాన్ని యుద్ధానికి దూరంగా ఉంచినవాడిగానే ప్రచారం పొంది మళ్లీ గెలిచాడు. అయితే ఆ కాలమంతా అమెరికా కర్మాగారాలు ఆయుధాలనూ, పొలాలు గోధుమలనూ బ్రిటన్, ఫ్రాన్స్ వంటి మిత్రరాజ్యాలకే అమ్మాయి, ఎందుకంటే జర్మనీ రేవులను బ్రిటిష్ నౌకాదళం దిగ్బంధించింది. కొనడానికి డబ్బు చాలనప్పుడు అమెరికన్ బ్యాంకులే అప్పులిచ్చాయి. 1917 నాటికి ఆ అప్పులు 200 కోట్ల డాలర్లు దాటాయి, జర్మనీకి వెళ్లినది అందులో అత్యల్ప భాగం. అప్పిచ్చినవాడు అప్పు పుచ్చుకున్నవాడి ఆయుష్షు కోరుకోక తప్పదు. బ్యాంకర్లే అమెరికాను యుద్ధంలోకి తోశారని కొందరు రాస్తారు గానీ, నేను అంత దూరం వెళ్లను. 1915లో బ్రిటిష్ ప్రయాణికుల ఓడ లూసిటేనియాను జర్మన్ జలాంతర్గామి ముంచి 128 మంది అమెరికన్లు చనిపోయినప్పుడు కూడా విల్సన్ యుద్ధానికి పోలేదు. 1917 ఫిబ్రవరి 1 నుంచి జర్మనీ ఏ ఓడనైనా హెచ్చరిక లేకుండా ముంచుతామని చెప్పి ఆచరణలో పెట్టడం, అమెరికాపై యుద్ధానికి దిగితే టెక్సాస్, న్యూ మెక్సికో, అరిజోనాలు ఇప్పిస్తామని మెక్సికోకు పంపిన రహస్య తంతి బయటపడటం తర్వాతనే ఏప్రిల్ 6న అమెరికా యుద్ధం ప్రకటించింది. నేను చెప్పదలచింది ఏమిటంటే, ఆ ఓడలు ఆ సముద్రంలో ఆ సరుకుతో తిరగడానికి కారణం అంతకు ముందటి రెండున్నరేళ్ల వ్యాపారం. ఇంకొక మాట కూడా రాయి. అక్కడ ప్రతినిధుల సభలో 50 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు, వారిలో ఆ సభకు ఎన్నికైన మొదటి మహిళ జెన్నెట్ రాంకిన్ ఒకరు. ఆ 50 మంది పేర్లు రికార్డులో ఉన్నాయి. 1939లో మనకు అలా వద్దని ఓటు వేసే అవకాశమే లేదు.

స్వతంత్ర దేశంలో కూడా నలుగురు గది తలుపు వేసుకుని నిర్ణయించగలరనడానికి ఒట్టోమన్ తుర్కీ ఉదాహరణ చాలు. 1914 ఆగస్టు 2న జర్మనీతో చేసుకున్న రహస్య ఒప్పందం మంత్రులలోనే చాలామందికి తెలియదు. ఆ తర్వాత తుర్కీ జెండా కట్టుకున్న రెండు జర్మన్ యుద్ధనౌకలు, జర్మన్ అడ్మిరల్ నాయకత్వంలో, అక్టోబరు 29న రష్యా రేవులపై ఫిరంగులు పేల్చాయి. కొందరు మంత్రులు రాజీనామా చేశారు గానీ అప్పటికే యుద్ధం వచ్చేసింది.

ఎవరో ఎక్కడో తీసుకున్న నిర్ణయం మన ఊరికి ఎలా చేరుతుందో కూడా నువ్వు చూడాలి. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎమ్డెన్ మద్రాసు రేవుకు వచ్చి బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకులను తగలబెట్టింది. ఫిరంగి గుండు పడిన చోట హైకోర్టు గోడకు ఫలకం ఇప్పటికీ ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. ఆ వారంలోనే మద్రాసు ప్రభుత్వం, అత్యవసర పని లేనివారు నగరం విడిచి వెళ్లమని చెప్పింది. మా అమ్మమ్మవాళ్లు ఈ పెరంబూరు ఇంటికి తాళం వేసి నెల్లూరు దగ్గరి పల్లెకు వెళ్లిపోయారు. అంతకు ముందు నెలలో రంగూన్ పడిపోవడంతో అక్కడి రేవులో మూటలు మోసి బతికిన మన తెలుగు కూలీలు వేలాదిగా కొండలూ అడవులూ దాటి కాలినడకన తిరుగుముఖం పట్టారు. దారిలో జబ్బులతో, ఆకలితో పోయినవారు ఎందరో. బర్మా బియ్యం రాక ఆగిపోయింది. మరుసటి ఏడాది బెంగాల్ కరువుకు ఇతర కారణాలు కూడా ఉన్నా, ఇది ఒక ముఖ్య కారణం. ఆ కరువులో దాదాపు 30 లక్షల మంది చనిపోయారని చరిత్రకారుల అంచనా. వీరిలో ఒక్కరినీ 1939లో ఎవరూ ఏమీ అడగలేదు. ఈ మాట తలచుకున్నప్పుడల్లా నాకు కోపమూ దుఃఖమూ కలుగుతాయి. పాఠం చెప్పేటప్పుడు కూడా నేను దాన్ని దాచుకోలేదు.

అందుచేత నీ వ్యాసాన్ని పోలెండ్‌తో కాకుండా 1935 చట్టంతోనో, 1938లో ఐర్లండ్‌కు తిరిగి దక్కిన రేవులతోనో మొదలుపెట్టు. చివరి భాగంలో మన రాజ్యాంగాన్ని కూడా పరిశీలించు. యుద్ధం, శాంతి అన్నవి ఏడవ షెడ్యూలులోని కేంద్ర జాబితాలో 15వ అంశం. సైన్యాల సర్వాధిపత్యం 53వ అధికరణం ప్రకారం రాష్ట్రపతిది, ఆయన మంత్రివర్గం సలహాపై నడుస్తారు. అత్యవసర పరిస్థితి ప్రకటిస్తే పార్లమెంటు ఉభయసభలూ నెల లోపల ఆమోదించాలని 352వ అధికరణం చెబుతుంది. యుద్ధానికి దిగే ముందు పార్లమెంటు ఓటు తీసుకోవాలని మాత్రం రాజ్యాంగంలో ఎక్కడా లేదు. శత్రువు హఠాత్తుగా మీదపడినప్పుడు చర్చకు వ్యవధి ఉండదన్న వాదనలో బలముంది. కానీ దళాలను దూరదేశానికి పంపే సందర్భానికి, ఒక కూటమిలో చేరే సందర్భానికి అదే వాదన ఎంతవరకు చెల్లుతుంది? దీనిపై నీ అభిప్రాయం కారణాలతో సహా రాసి, కొత్త ప్రతిని వ్యాసం సమర్పించే ముందు నాకు పంపు.

ఇట్లు,
అమ్మ