ఇంట్లో చదివి బడికొచ్చే పిల్లలకు తరగతి ఎలా నిర్ణయించాలి?

తెలంగాణ పాఠశాల విద్యాశాఖ సంచాలకులు గారికి,

నమస్కారం. చిన్నతనంలో ఇంటి దగ్గరే చదువుకుని, వయసుకు మించి నేర్చుకున్న పిల్లలు బడిలో చేరేటప్పుడు వారిని ఏ తరగతిలో కూర్చోబెట్టాలన్న విషయంపై స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలని కోరుతూ, హనుమకొండలో ఉంటున్న ఒక తల్లిగా ఈ లేఖ రాస్తున్నాను.

విద్యాహక్కు చట్టం (2009) 4వ సెక్షన్ ప్రకారం, ఆరేళ్లు దాటినా బడిలో చేరని బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. పత్తి చేలల్లోనో ఇటుక బట్టీల దగ్గరో చదువు ఆగిపోయిన పదేళ్ల పిల్లవాడిని ఒకటో తరగతి పసివాళ్ల మధ్య కూర్చోబెట్టి చిన్నబుచ్చకుండా కాపాడే నియమమది. దాన్ని సడలించమని నేను అడగను. కానీ అదే సెక్షన్ చూపించి, ఐదో తరగతి లెక్కలు చేయగలిగే మా ఎనిమిదేళ్ల అమ్మాయికి అన్ని పాఠాలూ మూడో తరగతిలోనే అన్నారు. ఒకసారి పరీక్షించి చూడండని అడిగితే, ప్రవేశాల్లో వడపోతను 13వ సెక్షన్ నిషేధించిందని, జరిమానా పడుతుందని ప్రధానోపాధ్యాయులు వెనుకాడారు. మొదటిసారికే 25,000 రూపాయల వరకు జరిమానా ఉన్నప్పుడు ఆయన భయపడటంలో తప్పు లేదు. అయితే బిడ్డను చేర్చుకోవాలా వద్దా అని తేల్చే పరీక్ష వేరు, చేర్చుకున్నాక బోధన ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసుకునే పరీక్ష వేరు. బిడ్డ జ్ఞానాన్ని, సామర్థ్యాన్ని, ప్రతిభను పెంపొందించాలని 29వ సెక్షనే చెబుతున్నప్పుడు ఈ రెండోది తప్పెలా అవుతుంది?

నేను డబుల్ ప్రమోషన్ కోరడం లేదు. ఇంట్లో చదివిన పిల్లలు అన్నింటిలో ఒకేలా ముందుండరు. మా అమ్మాయి తెలుగు రాతలో తోటివారి కంటే వెనుకబడే ఉంది, నలుగురిలో కలవడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది. కాబట్టి తన ఈడు పిల్లలతో మూడో తరగతిలోనే ఉండనిచ్చి, లెక్కల పీరియడ్‌కు మాత్రం ఐదో తరగతికి పంపితే చాలు. వెనుకబడిన పిల్లల స్థాయిని చూసి బోధించడం, ప్రాథమిక తరగతుల్లో చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరిచే 'తొలిమెట్టు' కార్యక్రమం ద్వారా మన ఉపాధ్యాయులకు అలవాటైన పనే. ముందున్న పిల్లలకూ అదే చూపు అవసరం. ప్రతిభ గల విద్యార్థులను గుర్తించి ప్రోత్సహించాలని 2020 జాతీయ విద్యావిధానం కూడా చెబుతోంది.

అందువల్ల, చేరిన నెలలోపు తెలుగు, లెక్కల్లో బిడ్డ స్థాయిని చూసేందుకు డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) అధ్యాపకులతో ప్రశ్నపత్రాలు తయారు చేయించి, సబ్జెక్టువారీగా నిర్ణయం తీసుకునే అధికారాన్ని ప్రధానోపాధ్యాయులకు, మండల విద్యాధికారికి (ఎంఈఓ) కలిపి ఇవ్వండి. పై తరగతిలో బిడ్డ ఇబ్బంది పడితే ఏ సంకోచం లేకుండా వెనక్కి తెచ్చే వీలూ అందులో ఉండాలి. ప్రైవేటు బడులకూ ఇది వర్తించాలి, దీని పేరుతో అదనపు ఫీజు తీసుకోకూడదు. వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోపు ఈ ఉత్తర్వు జిల్లా విద్యాశాఖాధికారులకు చేరేలా చూడాలని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక తల్లి, హనుమకొండ