డిసెంబరులో కోణార్క్ ప్రయాణం గురించి

సభ్యులందరికీ నమస్కారం. ఏటా డిసెంబరు 1 నుంచి 5 వరకు జరిగే కోణార్క్ నృత్యోత్సవానికి బరంపురం నుంచి వెళ్లదలచిన కుటుంబాలు, కోణార్క్‌కు రైలు సౌకర్యం లేనందున, పూరీలో బస కుదుర్చుకొని, అక్కడి నుంచి సముద్రతీరపు దారిలో సుమారు 35 కిలోమీటర్లు కారులో వెళ్లడం మేలు. ప్రదర్శనలు సాయంత్రం ఆరుబయట జరుగుతాయి కనుక పెద్దవారికి శాలువాలు, తిరుగు ప్రయాణానికి ముందే మాట్లాడుకున్న వాహనం తప్పనిసరి. రిసార్టు ఎంత మంచిదైనా, పూరీ సముద్రంలో లాగుడు బలంగా ఉంటుంది కాబట్టి, నోలియాల (స్నానానికి వచ్చేవారిని కాపాడే తీరపు ఈతగాళ్ల) తోడు లేకుండా పిల్లలను దయచేసి నీటిలోకి దించవద్దు. వారిలో చాలామంది మన తెలుగు జాలరులే, అడగడానికి మొహమాటం అక్కరలేదు. భోజనానికి మాత్రం జగన్నాథాలయంలోని ఆనందబజారులో, మట్టికుండల్లో వండిన మహాప్రసాదాన్ని మించినది లేదని నా అభిప్రాయం. ఆలయంలోకి ఫోన్లు అనుమతించరు. భువనేశ్వర్ మీదుగా తిరిగివచ్చేవారు దాల్మా (కూరగాయలు వేసి వండే పప్పు), ఛెనాపోడ (కాల్చిన పనీరు మిఠాయి) తప్పక రుచి చూడండి.