బ్యాటరీలతోనే సరిపోయిన ఏడాది: మన ఫిల్మ్ కెమెరా సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

నిరుటి సర్వసభ్య సమావేశంలో మనం చాలా అనుకున్నాం. ఫోటో నడకలు, డార్క్‌రూమ్ తరగతులు, పాత లెన్సుల ప్రదర్శన. నడకలు జరిగాయి. తరగతులు సగంలో ఆగాయి. ప్రదర్శన వచ్చే ఏటికి వాయిదా పడింది. నెలనెలా పెట్టుకున్న మరమ్మతు శిబిరానికి మీరు తెచ్చిన ఎలక్ట్రానిక్ కెమెరాలు మిగతా పనుల సమయాన్ని కూడా మింగేశాయి మరి. అందుకే ఈసారి నివేదికలో సింహభాగం వాటిదే.

బల్ల మీదికి వచ్చినవి ఎక్కువగా 1970, 80 దశకాల కెమెరాలు. కానన్ ఏఈ-1, నికాన్ ఎఫ్‌ఈ, పెంటాక్స్ ఎంఈ సూపర్, మినోల్టా ఎక్స్-700, అంతకు ముందు తరం యాషికా ఎలక్ట్రో 35. తెచ్చినవాళ్ళలో చాలామంది ఇక ఇది షోకేసుకే అని ఆశ వదులుకుని వచ్చినవాళ్ళు. తీరా విప్పి చూస్తే లోపం ఎక్కువసార్లు బ్యాటరీలోనో, బ్యాటరీ నుంచి సర్క్యూట్ దాకా కరెంటు నడిచే ఆ కాస్త దారిలోనో దొరికింది. కెమెరా పోయిందని తేల్చే ముందు ఆ దారి చూడాలన్నది ఈ ఏడాది కమిటీ గట్టిగా చెప్పదలచుకున్న మాట.

కరీంనగర్ నుంచి వచ్చిన ఒక సభ్యురాలు వాళ్ళ నాన్నగారి ఏఈ-1 తెచ్చారు. 1976లో వచ్చిన ఈ మోడల్, లోపల మైక్రోప్రాసెసర్ పెట్టుకున్న తొలి ఎస్‌ఎల్‌ఆర్, అంటే లెన్సులోంచి వచ్చే దృశ్యాన్నే లోపలి అద్దం ద్వారా కంటికి చూపించే కెమెరా. షట్టర్ విడుదల కావడం కూడా కరెంటుతో జరిగే పనే కాబట్టి 6 వోల్టుల బ్యాటరీ లేకపోతే ఎంత నొక్కినా ఉలకదు, పలకదు. దాని బ్యాటరీ మూతను గోటితో పెకలిస్తే చిన్న ప్లాస్టిక్ కొక్కెం విరిగిపోతుంది. ఫ్లాష్ తగిలించే చోట దూర్చి ఉంచే ఐపీస్ మూత ఒకటి వస్తుంది చూడండి, దాని అంచుతో తెరవడమే పద్ధతి.

మూత తీస్తే లోపల తెల్లటి పొడి గడ్డకట్టి ఉంది. పాత ఆల్కలైన్ బ్యాటరీ కారితే వచ్చేది పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే క్షారం. గాలి తగిలి కార్బొనేట్‌గా మారి తెల్లబడుతుంది. క్షారానికి విరుగుడు ఆమ్లమే. ఇయర్‌బడ్‌ను వెనిగర్‌లో ముంచి, బాగా పిండి, కాంటాక్టు మీద, అంటే బ్యాటరీ ఆనుకునే లోహపు రేకు మీద అద్దాం. సన్నగా నురగ వచ్చింది. నురగ ఆగేదాకా అద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పెన్సిల్ రబ్బరుతో లోహం మెరిసేదాకా రుద్దాం. కొత్త బ్యాటరీ వేసి చెక్ బటన్ నొక్కితే వ్యూఫైండర్‌లో ముల్లు 5.6 గీత దాటి కిందికి దిగింది, బ్యాటరీ బాగుందనడానికి అదే గుర్తు. షట్టర్ కూడా పడింది, కాకపోతే కీచుమంటూ. అద్దాన్ని కదిపే గేర్ల దగ్గర నూనె ఎండిపోయిన ఏఈ-1లు అలాగే కీచుమంటాయి. అది వేరే చికిత్స, ఈ పని చేసే మెకానిక్‌ల వివరాలు కమిటీ దగ్గర ఉన్నాయి.

అన్నిసార్లూ పని మూత దగ్గరే అయిపోదు. ఒక యాషికా ఎలక్ట్రో 35లో కాంటాక్టులు తళతళలాడుతున్నాయి, బ్యాటరీ కొత్తది, అయినా పైన లైట్లు వెలగవు. మల్టీమీటరు ఒక మొన కాంటాక్టు మీద, రెండో మొన తీగ అవతలి చివర పెడితే కరెంటు దాటడం లేదు. పైకి తీగ తొడుగు నిక్షేపంలా ఉంది. చివర కాస్త కోసి చూస్తే లోపల రాగి పోగులన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ఎప్పుడో కారిన రసం తొడుగు లోపలే పాకుతూ పోయిందన్నమాట. తీగ మార్చాక లైట్లు వెలిగాయి. ఈ కెమెరాతో ఇంకో తిరకాసు ఉంది. కరెంటు లేకపోయినా షట్టర్ పడుతుంది, కానీ ఎప్పుడూ 1/500 సెకను వేగంతోనే. క్లిక్ వినిపిస్తోంది కదా అని సాయంత్రం పెళ్ళి పందిట్లో రీలంతా తీస్తే మిగిలేది చీకటే.

ఇక సిల్వర్ సెల్లుల ఉమ్మడి కొనుగోలు. ఎల్‌ఆర్44, ఎస్‌ఆర్44 రెండూ ఒకే సైజు బటన్ సెల్లులు. మొదటిది ఆల్కలైన్, రెండోది సిల్వర్ ఆక్సైడ్. ఆల్కలైన్ 1.5 వోల్టుల దగ్గర మొదలై వాడేకొద్దీ దిగజారుతుంది. సిల్వర్ 1.55 దగ్గర చివరిదాకా దాదాపు నిలకడగా ఉండి, అయిపోయేటప్పుడు ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే సిల్వర్ వాడేవాళ్ళ సంచిలో స్పేర్ ఉండి తీరాలి. అట్ట మీద ఏజీ13, ఏ76 అని ఉంటే ఆల్కలైన్, 357 అని ఉంటే సిల్వర్. కోఠిలోనో, ఆన్‌లైన్‌లోనో చవగ్గా దొరికే పది సెల్లుల అట్టలు బొమ్మలకీ కాలిక్యులేటర్లకీ సరిపోతాయి. వేలు పోసి కొన్న కెమెరాలో వాటిని వేసి ఎక్స్‌పోజర్ తేడా వస్తోందని టెన్షన్ పడటంలో అర్థం లేదని కమిటీ అభిప్రాయం. మల్టీమీటరులో 1.5 చూపిస్తోంది కదా అని వాదించిన సభ్యులకు శిబిరంలోనే చూపించాం. ఊరికే కొలిస్తే నీరసపడ్డ సెల్లు కూడా బాగానే కనిపిస్తుంది, లోడు పెట్టి, అంటే దాని చేత కరెంటు ఇప్పిస్తూ కొలిస్తే అసలు సత్తా తెలుస్తుంది. నికాన్ ఎఫ్‌ఈ లాంటివాటిలో రెండు సెల్లులకు బదులు సీఆర్1/3ఎన్ అనే 3 వోల్టుల లిథియం సెల్లు ఒక్కటి వేసుకోవచ్చు. అది కారే భయం చాలా తక్కువ, ఏళ్ళ తరబడి నిల్వ ఉంటుంది.

పాదరసం సెల్లుల సంగతి మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాం. మన స్టూడియోల్లో ఒకప్పుడు తిరిగిన యాషికా మ్యాట్-124జి కెమెరాలో వెలుతురు కొలిచే మీటరుకు 1.35 వోల్టుల పీఎక్స్625 సెల్లు కావాలి. అందులో పాదరసం ఉండేది. పాదరసం వాడకాన్ని అరికట్టే అంతర్జాతీయ మినమాటా ఒప్పందం 2017లో అమల్లోకి వచ్చింది, మన దేశం 2018లో ఆమోదించింది. ఇక ఆ సెల్లుల మీద ఆశ పెట్టుకోవద్దు. అదే సైజు ఆల్కలైన్ వేస్తే వోల్టేజి ఎక్కువై, మీటరు లేని వెలుతురును ఉన్నట్టు చూపిస్తుంది. పెంటాక్స్ స్పాట్‌మాటిక్ వాళ్ళకు మాత్రం ఈ బాధ లేదు, దాని మీటరులో బ్రిడ్జ్ సర్క్యూట్ ఉండటం వల్ల వోల్టేజి కాస్త అటూఇటూ అయినా లెక్క తప్పదు. మిగతావాళ్ళకు చవకైన మార్గం వినికిడి యంత్రాల దుకాణంలో దొరుకుతుంది. నీలం స్టిక్కర్ ఉండే 675 సైజు జింక్-ఎయిర్ సెల్లు, 1.4 వోల్టులు. స్టిక్కర్ పీకి కాసేపు గాలి తగలనిచ్చి, చుట్టూ కుళాయి సామాన్ల కొట్టులో దొరికే రబ్బరు రింగు తొడిగితే గూట్లో కదలకుండా కూర్చుంటుంది. స్టిక్కర్ పీకినప్పటి నుంచీ వాడినా వాడకపోయినా అది తరిగిపోతూనే ఉంటుంది. ఫోటోలకు బయల్దేరే ముందు పీకండి.

మినోల్టా ఎక్స్-700 దగ్గర మన శిబిరం ఆగిపోతుంది. 1981 నాటి ఈ కెమెరాలో మంచి సెల్లులు వేసి, వ్యూఫైండర్‌లో లైట్లు వెలిగినా, షట్టర్ పడక రీలు జరిపే వైండింగ్ లివర్ బిగుసుకుపోతే అనుమానించాల్సింది సర్క్యూట్‌లో కరెంటును కాసేపు నిల్వ ఉంచే కెపాసిటర్‌నే. అది ఈ మోడల్‌కు పేరుపడ్డ జబ్బు. మార్చడం సాధ్యమే, కానీ సోల్డరింగ్ అలవాటు లేని చేయి అక్కడ పెడితే పక్క భాగాలు కాలుతాయి. కొందరు సభ్యులకు నచ్చకపోయినా, సర్క్యూట్ జోలికి వెళ్ళే పని శిబిరంలో చేయకూడదని కమిటీ తీర్మానించింది. తీగ మార్చడం దాకే మన హద్దు.

బ్యాటరీ దారి మధ్యలో అయిపోతే కెమెరాను తిట్టుకోకుండా షట్టర్ వేగం మార్చే డయల్ చూడండి. నికాన్ ఎఫ్‌ఈలో ఎం90, ఎంఈ సూపర్‌లో 125ఎక్స్ దగ్గర పెడితే సెల్లు లేకుండానే షట్టర్ పడుతుంది. పైకి లేచి ఇరుక్కున్న అద్దం కూడా అక్కడికి తిప్పగానే దిగుతుంది.

వానాకాలానికి ముందు అందరికీ పంపిన మెసేజ్‌లో రాసిందే మళ్ళీ: నెల దాటి వాడకపోతే సెల్లు తీసేయండి. కాకినాడ, విశాఖ సభ్యులు కెమెరాను తోలు సంచిలో దాచొద్దు, తోలు చెమ్మ పట్టి లెన్సుకు బూజు అంటిస్తుంది. వెలుతురు చొరబడకుండా వెనక తలుపు అంచున ఉండే నల్ల స్పాంజి వేలికి జిడ్డుగా అంటుకుంటే దాని ఆయువు తీరినట్టే, మార్చుకోవాలి.

వాడేసిన సెల్లులను మామూలు చెత్తతో కలపకూడదని 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. శిబిరం దగ్గర డబ్బా పెట్టాం. తెచ్చేటప్పుడు ఒక్కోదానికి టేపు చుట్టండి, చిన్నపిల్లల చేతికి మాత్రం అందనివ్వకండి.

జమాఖర్చుల పత్రం ఆడిటర్ సంతకంతో విడిగా పంపుతున్నాం. సిల్వర్ సెల్లుల ఉమ్మడి కొనుగోలు కొనసాగించాలా, లోడు టెస్టర్ ఒకటి సంఘం డబ్బుతో కొనాలా అనేవి రాబోయే సమావేశంలో చర్చకు వస్తాయి. చందా బాకీలు ఈలోగా కట్టేయగలరు. శిబిరానికి తెచ్చే కెమెరాలో రీలు ఉంటే బల్ల మీద పెట్టకముందే చెప్పండి, వెనక తలుపు తెరిచాక చెబితే మేం చేయగలిగిందేమీ ఉండదు.

ఇట్లు,
కార్యదర్శి, కార్యవర్గం తరఫున